ఎడమ చేతులు

రెండు వేల పదకొండు మార్చి తొమ్మిదో తేదీన మా ఇంట్లో రెండు రకాల ముచెనిచ్‌లు తిన్నాం. నలభైమంది అమరుల పండుగకి, ఎనిమిది అంకె ఆకారంలో పిండి చుట్టి చేసే తీపి అది. మా బుజౌ జిల్లా వైపు చిటికెన వేలి గోరంత ఎనిమిదులు చేసి, పంచదార నీళ్ళలో ఉడికించి, అక్రోట్ పొడీ దాల్చినచెక్కా వేసి, గిన్నెల్లో పోసుకుని చెంచాతో తింటాం. మా కోడలు స్మరంద ఉత్తరాన మోల్దోవా ప్రాంతం పిల్ల. వాళ్ళ వైపు అరచెయ్యంత ఎనిమిదులు కాల్చి, తేనె పూసి, పైన అక్రోట్ చల్లుతారు. నా భార్య అగ్లాయా ఉన్నన్నాళ్ళూ కాల్చినవి మా గడప తొక్కలేదు. ఆమె పోయాక మూడేళ్ళు ఏవీ తొక్కలేదు. ఆ ఏడు నేను ఉడకబెట్టాను, స్మరంద కాల్చింది. మా అబ్బాయి తుదోర్ రెండూ సమానంగా తిని, ఏవి బావున్నాయో చెప్పకుండా తప్పించుకున్నాడు.

"నీళ్ళలో ఈదే అంకెల్ని పట్టుకు తినడం మీకే చెల్లింది మామయ్యా," అంది స్మరంద.

"మీవి తినాలంటే ముందు పళ్ళ డాక్టర్ని కనుక్కోవాలమ్మా," అన్నాను.

నవ్వి, తేనె వేళ్ళు తుడుచుకుని, అప్పుడు చెప్పింది. "తేదీ వచ్చింది. ఏప్రిల్ రెండో గురువారం."

తుదోర్ నమలడం ఆపేశాడు.

స్మరంద ఊళ్ళో హైస్కూల్లో లెక్కల టీచరు. అప్పటికి పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మా దేశంలో టీచరుకి పైమెట్టు మొదటి శ్రేణి. దానికోసం ఓ గ్రంథం రాయాలి. ఆ తర్వాత రాజధాని బుకరెస్టు నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి క్లాసు వెనకబెంచీలో గంటసేపు కూర్చుంటాడు, గ్రంథం మీద ప్రశ్నలు వేస్తాడు, పదికి మార్కు వేస్తాడు. తొమ్మిది రాకపోతే గ్రంథంతో సహా అంతా మళ్ళీ మొదలుపెట్టాలి. స్మరంద ఇంతకు ముందోసారి ఇదే మెట్టు దాకా వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అగ్లాయా మంచం పట్టిన ఏడు అది. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఎత్తనంత మాత్రాన అది లేకుండా పోలేదు. ఈసారి ఆమెకి ఆ మార్కు రావాలని ఆమెకంటే నేనే ఎక్కువ కోరుకున్నానేమో.

గ్రంథం దేని మీదంటే, పిల్లలు చెప్పే తప్పు జవాబుల మీద. మా వైపు జనం వర్షం వెలిసిన మర్నాడు అడవిలో పుట్టగొడుగులు ఏరినంత ఇష్టంగా స్మరంద తప్పులు ఏరేది. భోజనాల దగ్గర వాటిని మాకు వడ్డించేది.

"ఒప్పు జవాబు చూస్తే పిల్ల ఎక్కడికి చేరిందో తెలుస్తుంది మామయ్యా. తప్పు జవాబు చూస్తే ఏ దారిన నడిచిందో తెలుస్తుంది. నాకు కావలసింది దారి."

నేను ముప్ఫై నాలుగేళ్ళు వాతావరణ కేంద్రంలో పనిచేశాను. రేపు ఎండ అని చెప్పి, వాన పడితే ఊరివాళ్ళతో తిట్లు తిన్నవాణ్ణి. తప్పులకి కూడా ఒక శాస్త్రం ఉందంటే నాకు కాస్త ఊరటగానే ఉండేది.

*

తేదీ వచ్చిన వారానికి ప్రిన్సిపాల్ కొర్నెలియా మేడమ్ మా ఇంటికి వచ్చింది. స్మరందని చిన్నప్పుడు పెంచినట్టు మాట్లాడుతుంది కానీ ఆమెకంటే ఆరేళ్ళే పెద్ద. మంచి మనిషి. తన బడి పరువు తన నెత్తిమీద టోపీలా ఎప్పుడూ సర్దుకుంటూ ఉంటుంది.

"ఇదిగో, నా మాట విను. ఆ పాఠం ముందే రెండుసార్లు చెప్పెయ్. ఎవరు ఏం అడగాలో, ఎవరు ఏం చెప్పాలో పంచిపెట్టు. అందరం అలాగే గట్టెక్కాం," అంది కాఫీ కలుపుకుంటూ.

"ముందే చెప్పేస్తే పిల్లలు తప్పులెందుకు చేస్తారు మేడమ్?"

"చెయ్యకూడదనే కదా!"

"నా గ్రంథమే తప్పుల మీద. ఒక్క తప్పు కూడా రాకపోతే ఆయనకి నేను చూపించేదేముంది?"

కొర్నెలియా మేడమ్ చెంచా కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఎమిలియాన్ గారూ, మీరైనా చెప్పండి. గ్రంథంలో తప్పులు రాసుకోమనండి, క్లాసులో ఒప్పులు చూపించమనండి. ప్రొఫెసర్ ముందు పిల్ల నోరు తెరిచి తప్పు చెప్తే, పిల్లకి రాదనరు. ఈ టీచరుకి చెప్పడం రాదంటారు."

"నాకు లెక్కలు తెలియవు మేడమ్," అన్నాను. "పుట్టగొడుగుల కూరైతే చెయ్యగలను."

"అదీ కావాల్సిందే. తనిఖీకి వచ్చినవాళ్ళకి బల్ల వేసి భోజనం పెట్టాలి. పంది మాంసం నేను చూసుకుంటాను."

"ఉపవాసాల్లోనా?" అంది స్మరంద. ఈస్టరు ముందు నలభై రోజులూ మాంసం, గుడ్డు, పాలు ముట్టనివాళ్ళు మా ఊళ్ళో సగంమంది.

"ప్రొఫెసర్ గారు ఉపవాసం ఉంటే మీ మామయ్యది తింటారు, లేకపోతే నాది తింటారు. ఆకలితో ఉన్నవాడు మార్కు చక్కగా వెయ్యడు, అది నా అనుభవం."

ఆమె వెళ్ళాక స్మరంద చాలాసేపు కప్పు అడుగున మిగిలిన కాఫీ పొడి వైపు చూస్తూ కూర్చుంది. మా వైపు కాఫీ మడ్డిలో జాతకాలు చూసేవాళ్ళుంటారు. జాతకం చూస్తున్నావా అని అడిగాను. "కాదు మామయ్యా, ఆవిడ చెప్పింది నిజమేమో అని చూస్తున్నాను," అంది.

*

ఆ ఆదివారం స్మరంద తుదోర్‌నీ నన్నూ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్క అడిగింది.

ఈస్టరు నాడు మేం ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు పట్టుకుని ఒకరి గుడ్డుకి ఒకరు కొడతాం. "క్రీస్తు లేచాడు" అని ఒకరు, "నిజంగా లేచాడు" అని ఒకరు. ఎవరి గుడ్డు పగిలితే వాళ్ళు ఓడినట్టు. స్మరంద లెక్క ఏమిటంటే, క్లాసులో ఇరవై ఎనిమిది మంది, మనిషికో గుడ్డు. పగిలినవాళ్ళు తప్పుకుంటారు, మిగిలినవాళ్ళు కొట్టుకుంటూ పోతారు. ఆఖరికి ఒకే ఒక్క గుడ్డు పగలకుండా మిగలాలంటే మొత్తం ఎన్ని దెబ్బలు?

"మా మేనమామ ఉంటే ఒకటే దెబ్బ. ఆయన చెక్కగుడ్డు తెచ్చేవాడు," అన్నాడు తుదోర్.

"నోరు మూసుకుని లెక్క చెయ్యి."

నేను కాగితం తీసుకున్నాను. ఇరవై ఎనిమిది మంది, ఒక్కొక్కరు ఇరవై ఏడుగురితో, ఒకే జంట రెండుసార్లు రాకూడదు కాబట్టి సగం. "మూడు వందల డెబ్భై ఎనిమిది," అన్నాను, కాస్త గర్వంగానే.

స్మరంద లేచి వచ్చి నా బట్టతల మీద ముద్దు పెట్టుకుంది. "మామయ్యా, ఎంత చక్కగా తప్పారండీ!"

"తప్పా?"

"అచ్చం నాకు కావలసినట్టు. ఈ తప్పు ఆ రోజు క్లాసులో ఎవరైనా చేస్తే చాలు. పాఠం దానంతట అదే నడుస్తుంది."

"ఎవరూ చెయ్యకపోతే?" అన్నాడు తుదోర్.

స్మరంద నా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఒప్పు జవాబు ఏమిటో మాత్రం చెప్పలేదు. అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

*

ఆ గురువారం మంచి ఎండ కాసింది. నా పాత ఉద్యోగం లెక్కన మధ్యాహ్నానికి మబ్బు పట్టాలి, పట్టలేదు. క్యాబేజీ ఆకుల్లో పుట్టగొడుగులూ బియ్యమూ చుట్టి వండిన పెద్ద గిన్నెని తువ్వాల్లో కట్టుకుని బడికి వెళ్ళాను. బల్ల వేసింది సైన్సు సామాన్ల గదిలో. ఆ గదికీ పదో తరగతికీ మధ్య ఒకటే తలుపు, దానికి కంటి ఎత్తులో అద్దం. కొర్నెలియా మేడమ్ మొదట తన మాంసం పళ్ళేన్ని బీకర్ల వెనకాల వెండి కాగితం కప్పి దాచింది. తర్వాత ప్రొఫెసర్ వెంట క్లాసులోకి వెళ్ళింది. నేను కరెంటు పొయ్యి మీద గిన్నె పెట్టి అద్దం దగ్గర నిలబడ్డాను.

ప్రొఫెసర్ గ్రిగోరాష్ ఎత్తయిన మనిషి. పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. ఆయన పక్కన జిల్లా ఇన్‌స్పెక్టర్, మరో పక్క మా ప్రిన్సిపాల్. స్మరంద నీలం కోటు వేసుకుంది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి నిదానంగానే ఉంది.

మొదటి ప్రశ్న అడిగింది. క్లాసు మొత్తం చెయ్యెత్తింది.

ఇరవై ఎనిమిది చేతులు! నేను సంతోషించబోయి, ఆగాను. కొన్ని కుడి చేతులు, కొన్ని ఎడమ చేతులు. కుడి చేతులు నిటారుగా ఉన్నాయి. ఎడమవి కూడా నిటారుగానే ఉన్నాయి, కానీ ఆ పిల్లల కళ్ళు డెస్కుల మీద ఉన్నాయి.

ఈ దేశంలో బడికి వెళ్ళిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు అందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాడు కుడి చెయ్యి, రానివాడు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్నే పిలవాలి. మా నాన్న ఎత్తాడు, నేను ఎత్తాను, తుదోర్ ఎత్తాడు. ఎవరూ ఎవరికీ నేర్పరు, తట్టు అమ్మవారిలా తరానికోసారి దానంతట అదే వస్తుంది. స్మరంద వాళ్ళకి పాఠం ముందుగా చెప్పలేదు కదా, పిల్లలు భయపడ్డారు. వాళ్ళ టీచర్ని కాపాడుకోవడానికి వాళ్ళకి తెలిసిన ఉపాయం వాళ్ళే వేసుకున్నారు.

స్మరంద కూడా చూసింది. అర క్షణం సుద్ద ఆగింది. తర్వాత కుడి చెయ్యి ఎత్తిన ఒకణ్ణి పిలిచింది. టకటకా చెప్పాడు. రెండో ప్రశ్న, మళ్ళీ అడవిలా చేతులు, మళ్ళీ అద్దంలాంటి జవాబు. మూడోది కూడా. కొర్నెలియా మేడమ్ మొహం వెలిగిపోతోంది. ఇన్‌స్పెక్టర్ తల ఊపుతున్నాడు. ప్రొఫెసర్ మాత్రం ముందు రెండు మాటలు రాసుకున్నాడు, తర్వాత కలం మూత పెట్టి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాడు. ఆయన మోకాలి మీద ఆమె గ్రంథం ఉంది. రెండు వందల పేజీల తప్పులు. ఎదురుగా ఒక్క తప్పూ లేని క్లాసు.

నా వెనక గిన్నె మరుగుతోంది. వేడి తగ్గించాలని కూడా తోచలేదు.

స్మరంద గుడ్ల లెక్క చెప్పింది. ఆఖరి మాట నోట్లో ఉండగానే చేతులన్నీ లేచాయి. ఆలోచించడానికి ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఎవరూ పెట్టుకోలేదు.

ఆమె సుద్దని బల్ల అంచున పెట్టి, చేతులు దులుపుకుంది.

"దించకండి," అంది. "ఇవాళ ఎడమ చేతులు మాట్లాడతాయి. కత్రినెల్, రా."

మామూలు గొంతుతోనే అంది, కిటికీ తెరవమన్నట్టు. కొర్నెలియా మేడమ్ మొహం చూశాను. టోపీ గాలికి ఎగిరిపోయినట్టుంది. ఎడమ చేతులన్నీ ఒక్కొక్కటే కిందికి జారాయి, ఒకటి తప్ప. మూడో వరసలో రెండు జడల పిల్ల, ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి, అలాగే లేచి బోర్డు దగ్గరికి వచ్చింది.

"టీచర్," అంది గుసగుసగా, కానీ క్లాసు అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నాకూ వినపడింది. "నాకు రాదు. అందుకే ఈ చెయ్యి."

"తెలుసమ్మా. ఎంతవరకు రాదో చూద్దాం. నీకు తోచింది రాయి."

కత్రినెల్ రాసింది. ఇరవై ఎనిమిదిని ఇరవై ఏడుతో హెచ్చవేసి సగం చేసింది. మూడు వందల డెబ్భై ఎనిమిది. నా తప్పు! నా మనవరాల్ని చూసినట్టనిపించింది.

ముందు బెంచీలో ఒకడు ఆగలేక "కాదు టీచర్, తప్పు!" అన్నాడు.

"నిన్ను అడిగానా? నీది కుడి చెయ్యి," అంది స్మరంద. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వుతో గదిలో ఏదో సడలింది. "కత్రినెల్, నీ గుడ్డుతో నా గుడ్డుని కొట్టు. పగిలింది. నాది పగిలిందనుకో. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"కూర్చోవాలి."

"కూర్చున్నాను. నీ లెక్కలో నేను ఇంకా ఎంతమందితో కొట్టుకోవాలి?"

ఆ పిల్ల బోర్డు వైపు చూసింది. కిటికీ వైపు ఎవరో దగ్గారు. ప్రొఫెసర్ కలం మూత తీశాడు.

"ఇరవై ఆరుగురితో," అంది కత్రినెల్ నెమ్మదిగా. "కానీ మీరు ఇంక కొట్టలేరు. పగిలినవాళ్ళని కూడా నేను మళ్ళీ మళ్ళీ కొట్టిస్తున్నాను." తన అంకెని చేత్తో చెరిపేసింది. "ప్రతి దెబ్బకీ ఒకటి పగులుతుంది. ఒకటి మాత్రం మిగలాలి... టీచర్, దెబ్బలు లెక్కపెట్టక్కర్లేదు. పగిలినవి లెక్కపెడితే చాలు. ఇరవై ఏడు!"

తలుపు ఇవతల నేను "ఓరి దేవుడా" అన్నాను, పైకే అన్నానేమో. ఇరవై ఏడు! నెలరోజులుగా నా అభిమానం నన్ను అడగనివ్వలేదు.

"మరి నువ్వు చెరిపేశావే, ఆ మూడు వందల డెబ్భై ఎనిమిది. అదేం పాపం చేసింది? అది దేనికి జవాబు?"

ఈసారి చేతులు ఒకేసారి లేవలేదు. ఒకటి లేచింది, ఎడమది. తర్వాత ఇంకొకటి. ముందు బెంచీలో ఆ కుర్రాడు తన కుడి చెయ్యి వైపు చూసుకుని, దించి, ఎడమ చెయ్యి ఎత్తాడు.

"అందరూ అందరితో చెయ్యి కలిపితే," అన్నాడు. "అప్పుడు ఎవరూ తప్పుకోరు."

"అదీ సంగతి. కత్రినెల్ తప్పు చెప్పలేదు. ఇంకో ప్రశ్నకి ఒప్పు జవాబు చెప్పింది."

గంట కొట్టినా పిల్లలు లేవలేదు. గిన్నె అడుగంటిన వాసనకి నేనే ముందు కదిలాను.

*

గ్రంథం మీద ప్రశ్నలు అయ్యాక ప్రొఫెసర్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఉపవాసం లేదట, కానీ ముందు నా క్యాబేజీ చుట్లు తిన్నాడు, మాడినవి పక్కన పెట్టకుండా తిన్నాడు. అలాంటి మర్యాద నేను మరిచిపోను. ఇన్‌స్పెక్టర్ బీకర్ల వెనక వాసన పట్టి మాంసం బయటికి తీయించాడు. కొర్నెలియా మేడమ్ వడ్డిస్తోంది కానీ చూపంతా ప్రొఫెసర్ మీదే ఉంది.

"ఆ ఎడమ చేతుల ఏర్పాటు మీదేనా అమ్మా?" అన్నాడు ప్రొఫెసర్.

"కాదండీ. పిల్లలదే. నాకు మొదటి ప్రశ్నకే తెలిసింది."

"తెలిసీ ఎందుకు పిలిచారు? కుడి చేతులతో గట్టెక్కేవారు."

స్మరంద కాస్త ఆలోచించింది. "మీరు గ్రంథంలో చదివింది మా ఇంటి వంటింట్లో రాసింది. అది క్లాసులో నిలబడుతుందో లేదో నాకూ చూడాలనిపించిందండీ."

"నిలబడకపోతే?"

"మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నాకు అలవాటే."

నేను గిన్నె మీద మూత సర్దాను. ఆ అలవాటు ఎక్కడిదో ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే.

ప్రొఫెసర్ రొట్టె ముక్కతో పళ్ళెం తుడిచాడు. "నేను పదిలో ఉన్నప్పుడు ఇలాగే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఎడమ చెయ్యి ఎత్తాను. గంటంతా ఎత్తుతూనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. ఆ పాఠంలో నాకున్న సందేహం యూనివర్సిటీ దాకా నా వెంటే వచ్చింది." లేచి, మూతి తుడుచుకుని, ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ నోటినిండా మాంసంతో తల ఊపాడు. "పదికి పది. ఇంకో మాట. జిల్లాలో కొత్తగా చేరిన లెక్కల టీచర్లకి మీరు పాఠం చెప్పాలి. నేను రాస్తాను, వీరు ఏర్పాటు చేస్తారు."

కొర్నెలియా మేడమ్ అందరికంటే ముందు ఏడ్చింది. "నేను చెప్పలేదూ?" అంది స్మరందని కావలించుకుని. "మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను, తప్పులే చూపించమని!"

మేమెవరమూ కాదనలేదు. ఆ మధ్యాహ్నం అంత బావుంది.

*

మే నెల నుంచి నెలకి రెండు శనివారాలు మా ముందుగదిలో కొత్త టీచర్లు కూర్చునేవారు. ఊరూరి నుంచి బస్సులు పట్టుకుని వచ్చేవారు. స్కూళ్ళ గదులు శనివారం తాళాలు వేసి ఉంటాయని స్మరంద మా ఇంటికే రమ్మంది. ఒక్కొక్కరూ వారంలో విన్న అందమైన తప్పు ఒకటి తేవాలి, అదే ప్రవేశ రుసుము. అగ్లాయా పోయాక ఆ గదిలో కుర్చీల మీది గుడ్డలు తీసింది అప్పుడే. తుదోర్ వంట నేర్చుకున్నాడు, వాడికి ఉప్పు చెయ్యి కుదరదు, అయినా ఎవరూ అనరు. నేను కాఫీ పెట్టేవాణ్ణి, తలుపు దగ్గర కూర్చుని వినేవాణ్ణి. ఆ ఎండాకాలంలో నేను నేర్చుకున్న లెక్కలు, కాలేజీలో నాలుగేళ్ళు కూర్చున్నా రాలేదు.

కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ గురువారం సాయంత్రమే. పూలు తెచ్చినవాళ్ళు తెచ్చారు, బాటిల్ తెచ్చినవాళ్ళు తెచ్చారు. మోల్దోవాలోని హుషి నుంచి స్మరంద వాళ్ళమ్మ ఫోన్ చేసి, మార్కు సంగతి విని, "తిన్నావా మరి?" అంది. అందరూ వెళ్ళాక నేను మాడిన గిన్నె తోముతుంటే స్మరంద కోటు తీసి కుర్చీకి వేసి, పక్కన నిలబడి తుడవసాగింది.

"అత్తయ్య ఉంటే ఏమనేదో?" అంది. ఆ మాట ఎత్తింది ఆమే, మొదటిసారి.

"గిన్నె మాడినందుకు నన్ను తిట్టేది," అన్నాను. "తర్వాత ఊరంతా తిరిగి చెప్పొచ్చేది. తనవల్ల నాలుగేళ్ళు ఆలస్యమైందని మాత్రం నీకు..."

"మామయ్యా," అంది స్మరంద, నా చేతిలోంచి పీచు తీసుకుంటూ. "అది నేను పోగొట్టుకున్నది కాదు. ఆవిడ దగ్గర కూర్చున్న ఏడాది. దాన్ని ఆ లెక్కలో కలపకండి."

ఆమె గిన్నె కడిగి బోర్లించి, సంచీలోంచి తొమ్మిదో తరగతి పరీక్ష కాగితాలు తీసి, చివరి గదిలోకి వెళ్ళింది. మర్నాడు పొద్దున పిల్లలకి తిరిగి ఇవ్వాలి మరి.

"ఇవాళ కూడానా?" అన్నాడు తుదోర్ పక్కగదిలోంచి.

"రెండే ఉన్నాయి."

రెండు కావు, కట్ట మొత్తం ఉంది. నేను దీపాలు ఆర్పుతూ వెళుతుంటే లోపలినుంచి ఆమె ఒక్కర్తే నవ్వుకోవడం వినిపించింది. ఏదో కాగితం మీద ఏదో దారి కనిపించి ఉంటుంది. పిలిచి చూపిస్తుందేమో అని కాసేపు నిలబడ్డాను. పిలవలేదు, మళ్ళీ చదువుతోంది. వసారాలోంచి చల్లగాలి వస్తోంది. ఆమె గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి, నా గదికి వెళ్ళాను.